మూరన్నర నీళ్ళు

పొడుగు నాలుగు బారలు.
వెడల్పు బారన్నరకి జానెడు తక్కువ.
తేలడానికి మూరన్నర నీళ్ళు చాలు దీనికి.
అంతకన్నా లోతు అడిగే పడవలు
ఈ వాడెన్ తీరంలో
రోజుకి రెండుసార్లు పక్కకి పడి సిగ్గుపడతాయి.

ఇరవై రెండేళ్ళు టెర్‌షెల్లింగ్ ఫెర్రీ గుమ్మంలో
టికెట్లు చింపినదాన్ని నేను.
టైంటేబుల్ నా నాలుక చివర ఉండేది.
ఉద్యోగం అయిపోయాక, దాచుకున్న డబ్బుతో
ఇదుగో, నా కొలువుకన్నా వయసు మళ్ళిన పడవ.
కట్టిన ఫూకె లేడు.
తాళంచెవి చేతిలో పెడుతూ ఆయన కూతురు ఆక్యె అంది:
"లోపల నిలబడాలనిపిస్తే బయటికి రండి."

నిజమే. లోపలి ఎత్తు కూర్చున్న మనిషిది.
తలమీద నాలుగు వేళ్ళ ఖాళీ, అంతే.
కప్పు ఇంకో జాన లేపితే
గాలి తోసుకోడానికి ఇంకో గోడ దొరికినట్టేనట.

తెరచాప కొయ్య మొదట్లో ఇనుప మడత.
వంతెన ఎదురైతే వెనక్కి వాలుతుంది,
పొట్టి గుమ్మంలో పొడుగు మనిషి వంగినట్టు,
ఏమాత్రం నొచ్చుకోకుండా.

పొయ్యి రెండు మేకుల మీద ఊగుతుంది.
గాలి పట్టి పడవ ఒరిగిందంటే
బూట్లూ పుస్తకాలూ నేనూ ఒకే మూలకి జారతాం గాని
కాఫీ గిన్నె మాత్రం
ఊళ్ళో గొడవతో తనకేం పని అన్నట్టు
తిన్నగా కూర్చుంటుంది.

ఎక్కడ చెయ్యి చాపినా పట్టుకోడానికో కర్ర,
నా గుప్పిటకన్నా పెద్ద గుప్పిట అరగదీసిన కర్ర.
పడుకుంటే కంటికెదురుగా
కప్పుకి తలకిందులుగా బిగించిన దిక్సూచి.
ఉత్తరం ఎటో చెబుతుంది.
నిద్ర ఎటు పోయిందో చెప్పదు.

ఒక్కటే అర్థం కాలేదు.
ఎడమవైపు మంచం జానెడు పొట్టి.
మోకాళ్ళు ముడిస్తే గాని పట్టను.
చలికాలమంతా దానికో కథ అల్లాను:
చిన్నపిల్ల కోసం చేశాడనీ,
పిల్ల ఎదిగిపోయినా మంచం పెంచడానికి
తండ్రికి చెయ్యి రాలేదనీ.
ఒక రాత్రి ఆ కథకి నేనే ఏడ్చాను కూడా.

ఆక్యె ఫోన్లో పకపకా నవ్వింది.
"అక్కడ అడ్డగోడ అవతల లంగరు గొలుసు ఉంది.
అంత ఇనుము ముక్కుమీద మోస్తే
ప్రతి అలకీ పడవ నుదురు కొట్టుకుంటుంది.
అందుకని నడుముకి లాక్కొచ్చాడు నాన్న.
మంచం జరిగి చోటిచ్చింది.
నేనా? నాకు పడవంటే వాంతులు."

ఈ సాయంత్రం ఇసుక తిన్నె పక్కన లంగరు దించాను.
ఆటు మొదలైంది.
చెప్పే వెళ్ళాయి నీళ్ళు, గడియారం చూసుకుని.
అడుగున ఒకటి కాదు, రెండు కీళ్ళు దీనికి;
ఒండ్రులో చెరోవైపు కాలు మోపి
గుడ్లమీద కోడిలా సర్దుకుని కూర్చుంది.

నిచ్చెన వేసుకుని దిగాను.
పిక్కల దాకా బురద.
చుట్టూ తిరిగి, దీపం ఎత్తి చూశాను,
ఎప్పుడూ నీళ్ళకే చూపించుకునే ఒంటిని:
నత్తల గరుకు, పాత దెబ్బకి వేసిన అతుకు,
చుక్కాని మడమ దగ్గర వేలిముద్ర పడిన రంగు.
దూరంగా ఎర్రముక్కు పిట్టలు నన్ను తిట్టుకుంటున్నాయి.
ఎక్కడివాళ్ళక్కడ ఉండక, అని కాబోలు.

ఇప్పుడు మోకాళ్ళు ముడుచుకుని
ఆ పొట్టి మంచంలోనే పడుకున్నాను.
రెండోది ఖాళీగానే ఉంది, పొడుగ్గానే ఉంది.
అయినా ఇక్కడే,
అరికాళ్ళు అడ్డగోడకి ఆనించి.

పోటు వచ్చి పడవ కదిలితే
గోడ అవతల గొలుసు ఒక్క కడియమంత జరుగుతుంది.
దిక్సూచికన్నా ముందు
నా కాళ్ళకి తెలుస్తుంది.