సముద్రం వైపు కిటికీ

పంతొమ్మిదేళ్లు మా ఆయన
బిస్కెట్ల డబ్బాలో సముద్రాన్ని దాచాడు,
నాణెం నాణెంగా.

వాల్పరాయిసో కొండల మీద ఇళ్లు
ఊరేగింపు చూసే పిల్లల్లా
ఒకదాని భుజమ్మీంచి ఒకటి తొంగిచూస్తాయి.
మా ఇంటికి మాత్రం ఎదురుగా దోరలీసాగారి రేకు గోడ,
దాని మీద ఏ ఓడకో వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగు,
ఆవిడ మొగుడి లోదుస్తులు, ఎండలో.

"ఇంకొక్క ఏడాది, ఓటీలియా" అనేవాడు బెలార్మీనో.
బస్సు డ్యూటీ దిగి వచ్చి, చేతులు కడుక్కోకముందే
జేబులు దులిపేవాడు డబ్బాలో.
ఆ చప్పుడు వింటేగానీ నా టీ మరిగేది కాదు.
రాత్రిళ్లు బల్ల మీద చిక్కుడు గింజలు పేర్చి చూపించేవాడు:
ఇది కిటికీ, ఇది నీ కుర్చీ,
ఇది నాది, కాస్త ఎడంగా,
నీ అల్లిక సూదులు గుచ్చుకోకుండా.
పొద్దున ఆ గింజలే ఉడకేసేదాన్ని.

పెద్దాడి బూట్లు నోళ్లు తెరిచినప్పుడు ఒకసారి,
నాకు పన్ను పీకించినప్పుడు ఒకసారి
డబ్బా అడుగంటింది.
ఆయన మాట్లాడలేదు.
మర్నాడు మళ్లీ మొదలు.

నిరుడు మార్చిలో పై వీధిలో ఇల్లు ఖాళీ అయింది.
సంతకాలయ్యాక, తాళంచెవి జేబులో వేసుకోకుండా
మెట్లన్నీ ఎక్కేదాకా గుప్పిట్లోనే పట్టుకొచ్చాడు,
ప్రాణమున్న పిచ్చుకని పట్టుకున్నట్టు.

కిటికీ తెరిచాం.
అదిగో.
అబద్ధమెందుకు, నాకూ గొంతు పట్టేసింది.
కుర్చీలు లోపలికి తేవాలని కూడా తోచక
చీకటిపడేదాకా నిలబడే చూశాం.
లంగరేసిన ఓడల్లో దీపాలు వెలిగాయి.
ఒక్కోదాన్నీ లెక్కపెట్టాడు, తనవే అయినట్టు.

కొన్నాళ్లు వచ్చినవాళ్లందరికీ చూపించాడు,
గ్యాసు బండ మోసుకొచ్చిన కుర్రాడికి కూడా.
తర్వాత అద్దానికి ఉప్పు పేరుకుంటోందని విసుక్కున్నాడు.
చలికాలానికల్లా ఆ కిటికీలోంచి
ఇంట్లోకి వచ్చేది ఈదురుగాలి ఒక్కటే.
టీవీ మీద వెలుగు పడుతోందని
పరదా లాగింది నేను కాదు.

ఒక ఆదివారం సాయంత్రం రొట్టె తుంచుతూ,
తప్పు ఒప్పుకునేవాడిలా అన్నాడు:
"రేవు దగ్గర మలుపు తెలుసుగా నీకు,
రెండు గోదాముల మధ్య సందు?
బస్సు అక్కడ తిరిగేటప్పుడు
మూడు క్షణాలు నీళ్లు కనిపించేవి.
రోజుకి పద్నాలుగు సార్లు.
ఇప్పుడూ తిరుగుతున్నాను. తల తిప్పడం లేదు.
ఇంట్లో ఉంది కదా అని."
రొట్టెముక్క టీలో ముంచి,
అది నాని తెగి పడిపోయేదాకా అలాగే పట్టుకున్నాడు.

నేనేం చెప్పను?
ఒక ఆకలిని సాకి, పెంచి పెద్దచేసి
పంతొమ్మిదేళ్లు పక్కలో పడుకోబెట్టుకున్నాడు మనిషి.
అన్నం పెట్టగానే అది లేచి వెళ్లిపోయింది.
కడుపు నిండింది గానీ, తోడు పోయింది.

నాకూ ఉందిలెండి. ఎవరితోనూ అనకండి,
దోరలీసాగారి రేకు గోడ గుర్తొస్తుంటుంది.
వానొస్తే అది డప్పులా మోగేది.
ఆ మోతలో, గొంతు పెంచి మరీ
సముద్రం గురించి మాట్లాడుకునేవాళ్లం.

నిన్న రాత్రి నిద్రపట్టక ఊరికే కళ్లు మూసుకున్నాను.
వంటింట్లో అడుగుల అలికిడి.
ఖాళీ డబ్బాలో మొదటి నాణెం
ఎంత గట్టిగా మోగుతుందో
ఇన్నేళ్లలో మర్చేపోయాను.
ఒకటి.
కాసేపాగి, ఇంకొకటి.

వచ్చి పక్కన వాలాడు. పాదాలు చల్లగా తగిలాయి.
దేనికని అడగలేదు.
అడిగితే పేరు పెడతాడు.
పేరు పెడితే, ఏదో ఒకరోజు
అది నిజంగానే వచ్చేస్తుంది.