ఎదురువాలు

షెఫీల్డులో, డాన్ నది పక్కన ఒక ఇటుకల షెడ్డు.
మూడు గంటల పాఠానికి నలభై పౌండ్లు.
ఆరుగురు మగాళ్ళం, ఆరు అద్దాలు, పొగలు కక్కే తువ్వాళ్ళు.
అందరికీ ఇది సరదా.
పేరు రాయించుకునేటప్పుడు నేనూ సరదాకే అన్నాను.

లెన్ ఓల్డ్‌రాయిడ్‌కి డెబ్బై నాలుగు.
సానరాయి ముందు బతుకంతా కూర్చుని
ఊపిరితిత్తుల్లో సగం ఆ దుమ్ముకే ఇచ్చేశాడు.
మాట తక్కువ. చెప్పిందే చెప్తాడు:
"నొక్కకు. దాని బరువు దానికి చాలు."

పోయిన వారం నొక్కాను.
మెడంతా కారం పూసినట్టు మంట.
సోమవారం ఆఫీసులో కాలరు తగిలినప్పుడల్లా విలవిల్లాడాను.
కత్తి మీద సాము అంటారు గానీ
కత్తి కింద సాము సంగతి ఎవరూ చెప్పరు.

ఈ వారం ముందు కత్తి లేదు, అరచెయ్యే.
మూడు రోజుల గడ్డంతో రమ్మన్నాడు.
"నిమురు. నున్నగా పోయేది వాలు,
గరగరమని అడ్డుపడేది ఎదురువాలు.
మొదటిసారి వాలు వెంటే పో. తొందరేం లేదు."
చెంపల మీద కిందికి, అందరికీ మల్లే.
గవద కింద ఎడంపక్క మాత్రం
చెవి వైపు అడ్డంగా తిరిగిన ఒక సుడి.
ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మోస్తున్నాను ఈ మొహాన్ని.
ఈ సుడి సంగతి నాకు తెలీదు.

తోలుపట్టీ దగ్గరికి వచ్చేసరికి
నా చెయ్యి నన్ను అడగలేదు.
వెన్ను ముందు, అంచు వెనక,
చివర్లో వెన్ను మీదే దొర్లించి మళ్ళీ ఇటు.
టప్, సర్ర్. టప్, సర్ర్.
పక్కన పళ్ళ డాక్టరు గ్రెగ్
పట్టీకి అప్పటికే రెండు గాట్లు పెట్టాడు.
లెన్ నా వెనక వచ్చి నిలబడ్డాడు.
"ఎక్కడ నేర్చుకున్నావు?"
"నేర్చుకోలేదు."

నిజమే.
వినుకొండ బస్టాండు ఎదురుగా, రేకు కింద, నాన్న షాపు.
ఏడో తరగతిలో ఒకసారి కత్తి తెరిచి పట్టుకున్నాను.
వీపు విమానం మోత మోగింది.
"ఇది నాతోనే ఆఖరు" అని కత్తి మూసి
నా చేతిలో లెక్కల పుస్తకం పెట్టాడు.
ఆ కత్తికి గొంతు అప్పగించి కళ్ళు మూసుకున్నవాళ్ళే
కుర్చీలోంచి లేవగానే "ఒరే ఎల్లమందా" అనేవాళ్ళు.
అందుకని నాకు కత్తి రాదు.
రాకుండా చెయ్యడానికి ఆయన చాలా కష్టపడ్డాడు.
ఆ కష్టాన్ని శనివారాలు
నలభై పౌండ్లిచ్చి చెరుపుకుంటున్నాను.

మళ్ళీ నురగ.
ఎడమచేతి వేళ్ళతో చర్మాన్ని పైకి లాగి, బిగించి,
వెన్నుకీ చెంపకీ మధ్య
రెండు వెన్నులు పట్టేంత సందు ఉంచి,
గోరంత గీతలు.
"చూడకు, విను" అంటాడు లెన్.
సరిగ్గా పోతుంటే ఎండాకుల మీద ఉడత నడిచిన చప్పుడు.
కోణం తప్పితే చప్పుడు ఆగిపోతుంది.
తెగేది ఆ నిశ్శబ్దంలోనే.

నాన్న షాపులో ఉన్నది ఒక్క అద్దం, కుర్చీకి ఎదురుగా.
ఆ కుర్చీలో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు.
తెల్లారకముందే ఇంటి గుమ్మంలో,
చెంబు పక్కన పెట్టుకుని,
గోడకేసి చూస్తూ గీసుకునేవాడు.
గవద కింద ఎడంపక్కకి రాగానే ఆగేవాడు.
మణికట్టు తిప్పేవాడు.
గొంతు దగ్గర్నించి చెవికేసి, అడ్డంగా, ఒక్క గీత.
నిద్రకళ్ళతో చూస్తూ
ఏదో ఆలోచనలో పడ్డాడనుకునేవాణ్ణి.

ఆగాను.
మణికట్టు తిప్పాను.

గడ్డం కింద ఒక్క చుక్క నెత్తురు.
లెన్ పటికముక్క తడిపి ఇచ్చాడు.
"సుడి దగ్గర బాగా వచ్చింది, తెగింది వేరే చోట.
వచ్చేవారం పై పెదవి."

బయట చలి. ట్రాము ఇంకా రాలేదు.
చేతితొడుగు తీసి
ఎదురువాలుకి నిమిరి చూసుకున్నాను.
బెంచీ మీద ఒకావిడ నన్నే చూస్తోంది.
ఇంకోసారి నిమురుకున్నాను.