ఒకటి రెండు చోట్ల

తెల్లవారుజామున నాలుగూ పదికి
దిండు కింద ఫోను వణికింది.
"రాగల మూడు గంటల్లో
జిల్లాలో ఒకటి రెండు చోట్ల
తేలికపాటి జల్లులు,
తీర మండలాల్లో దట్టమైన పొగమంచు
కురిసే అవకాశం ఉంది."
జల్లూ కురుస్తుంది, మంచూ కురుస్తుంది.
దేన్ని అవకాశం అనాలో రాసినవాడికే తెలియాలి.

దీన్ని ముందుకు తోయడం నా ఉద్యోగం.
పల్లంకుర్రు గ్రూపులో నూట పద్నాలుగు మంది.
సొంత పొలం ఉన్నవాళ్లు అమలాపురంలో నిద్రపోతారు.
కౌలు చేసేవాళ్ల నీలం టిక్కు
వెంటనే పడుతుంది.
నాలుగూ పన్నెండుకి గెద్దాడ అబ్బులు గారి ఫోను:
"అమ్మా, ఆ ఒకటి రెండు చోట్లలో
మన కాలవ గట్టు ఉందాండి?"

మళ్లీ చదివాను.
గట్టు పేరు లేదు,
రోడ్డు వార ఆరబోసిన
డెబ్బై బస్తాల గింజ ఊసు లేదు.
"పోనీ, కప్పమంటారా, తియ్యమంటారా?"

వాన ఒక్కటే అయితే కప్పండి అని చెప్పేదాన్ని.
మంచు ఒక్కటే అయితే
ఎనిమిదింటికి ఎండొస్తుంది, ఓపిక పట్టండి అనేదాన్ని.
రెండూ కలిసొస్తే
బరకం పైన నీరు, బరకం కింద చెమట.
తీస్తే తడుస్తుంది, కప్పితే ఉడుకుతుంది.
ఉడికిన గింజ మూడో రోజుకి
తెల్లటి ముక్కు బయటపెట్టి
ఇంకా నాటలేదేం అని అడుగుతుంది.

స్కూటీ తీశాను.
లైటు వేస్తే వెలుగంతా
తిరిగి నా మొహం మీదికే వచ్చింది.
కాలవ ఎడమ పక్కనే ఉందని
గుర్రపుడెక్క వాసన చెప్పింది.
లాకుల దగ్గర ఎవరో దగ్గారు,
ఆ దగ్గుని బట్టి మలుపు తిప్పాను.

అబ్బులు గారు తలకి తువ్వాలు చుట్టుకుని
బరకం ఒక మూల పట్టుకుని నిలబడ్డారు.
రెండో మూల ఆయన భార్య సూరాంబ.
పూర్తిగా కప్పలేదు, పూర్తిగా తియ్యలేదు.
బరకాలు ఏసుమణి దగ్గర అద్దెకి,
రోజుకి ఇరవై, చిరుగుంటే పదిహేను.
ఇది పదిహేను రూపాయల బరకం.

తేమ మీటరులో గుప్పెడు గింజలు పోశాను.
పంతొమ్మిదీ పాయింటు నాలుగు.
పదిహేడు దాటితే
కొనుగోలు కేంద్రంలో కాటా ఎక్కనివ్వరు.
"నిన్న సాయంత్రం పదిహేడున్నరండి" అంది సూరాంబ.
"రాత్రి మూడుసార్లు లేచి చూశా.
తాగేసిందండి మంచుని."
గింజల్లో చెయ్యి దూర్చి
జ్వరం చూసినట్టు కాసేపు ఉంచింది.

అప్పుడొక చుక్క
నా రిజిస్టరు మీద పడింది. ఇంకు పాకింది.
తలెత్తితే కొబ్బరి మట్ట.
వానదా, మంచుదా,
రాత్రంతా ఆకు కొసన పోగై ఇప్పుడు జారిందా?
అబ్బులు గారు నా మొహం చూశారు.
నేను ఆకాశం చూశాను, కనబడలేదు.
"ఆయ్, మీరూ ఆ ఫోను లాగే ఉన్నారండి"
అని నవ్వారు, మూల వదలకుండానే.

చివరికి మూడో మూల నేను పట్టుకున్నాను.
నాలుగో మూలని మైలురాయికి కట్టాం.
పైన పడింది కాలవలోకి జారాలి,
కింద గాలి ఆడాలి,
అంతే వాలు, అంతే ఎత్తు.
మాటల్లేవు. కాసేపటికి మోచేతులూ లేవు.
ఆరున్నరకి ఎక్కడో పడవ ఇంజను చప్పుడు.
ఏడింటికి తూర్పున తెల్లటి మరక,
ఎండ కాదు,
ఎండ ఉండాల్సిన చోటు.

ఏడూ పదికి ఫోను మళ్లీ వణికింది:
రాగల మూడు గంటలే అయి ఉంటాయి.
రెండు చేతులూ బరకానికే ఉన్నాయి,
తియ్యలేదు.

ఎనిమిదిన్నరకి
మండలాఫీసు ఆవరణలో వర్షమాపకం మూత తీశాను.
గాజు గొట్టం అడుగున చిన్న మెరుపు,
మొదటి గీతకి అందలేదు.
వర్షపాతం గడిలో 'లేశం' అని రాశాను.
మంచుకి గడి లేదు.

అబ్బులు గారికి ఫోను చేశాను.
పొద్దున అడిగారు కదండీ,
ఉందండి,
మన గట్టు అందులో ఉంది.