తప్పక చూడవలసినవి

కాంప్లెక్సు గోడ మీది బోర్డు వెలిసిపోయిందని
కబురు పెట్టారు.
ఫ్లెక్సీలొచ్చిన ఆరేళ్ళకి
మళ్ళీ నా చేతికి బ్రష్షు.
పసుపు నేల, నల్లక్షరాలు, ఎర్ర బాణాలు.
పైన జానెడెత్తున: శ్రీకాకుళం జిల్లాలో
తప్పక చూడవలసినవి.

"గుండ్రంగా రావాల, తవిటయ్యా" అన్నాడు ఆఫీసరు.
మన అచ్చరాల్లో గుండ్రంగా లేందేటుంది బాబూ!

మొదటిది అరసవల్లి.
ఏడాదికి రెండుమార్లు సూరీడు గడపలు దాటొచ్చి
దేవుడి కాళ్ళు పట్టుకుంటాడంట.
మిగతా రోజులన్నీ
నిచ్చెన మీద నా నెత్తి పట్టుకుంటాడు.

శ్రీకూర్మం.
రకారం కింద మ వత్తు తాబేలు తలలా
గీత దాటి బయటికొచ్చింది.
గుడ్డతో తుడిచి లోపలికి తోశాను.

పొందూరు.
వాలుగ చేప దవడతో దూదిని దువ్వుతారక్కడ.
ఏటి అడుగున నోరు మెదపని చేప
చచ్చాక సన్నటి దారం మాట్లాడుతుంది.
ఆ పంచె నేనెప్పుడూ కట్టలేదు.
ఈ రంగు తుడుచుకునే గుడ్డ సూరత్‌ది.

శాలిహుండం నేను చూశాను.
పెళ్ళైన కొత్తలో అసిరితల్లిని సైకిలెక్కించుకుని.
కొండ మీద ఇటికల గుండ్రాలు,
పొద్దుగూకినా చల్లారని ఇటికలు.
మీద కూర్చుని మరమరాలు తిన్నాం.
"ఎవుల కొంపలివి, ఇలాగైపోనాయి?"
బౌద్ధులవంట అన్నాను.
"ఆల్లే ఎల్లిపోనారా, ఎల్లగొట్టీసినారా?"
నాకేం తెలుసు.
కింద వంశధారనడుగుదామంటే
అది సముద్రం తొందర్లో ఉంది.
ఇరవై ఏళ్ళైంది. ఆ పేరు రాసినప్పుడల్లా
చివర సున్నా దగ్గర
చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది.

తేలినీలాపురం.
ఏ బోర్డూ చదవకుండానే
చింతకొమ్మ వెతుక్కుంటూ దేశాలు దాటొచ్చే కొంగలు.
వాటి కోసం బాణం గీయడమంటే
నాకే నవ్వొచ్చింది.

అప్పుడు నిచ్చెన కింద ఒకాయన నిలబడ్డాడు,
చంకలో ప్లాస్టిక్ సంచి, సంచిలో ఫైలు.
పేరు ఢిల్లేశ్వరరావు. ఢిల్లీ చూళ్ళేదు.
కవిటి అవతల ఊరు.
కింది నుంచి పైకి ఒక్కో పేరూ కూడబలుక్కుని
"ఇందల మావోటం నేదేటి?" అన్నాడు.
"కొబ్బరి తోటలు, జీడి తోటలు, పనస నీడ.
అంత పచ్చన ఈ గోడ మీద ఎక్కడుందీ?"
లిస్టులో లేదన్నాను.
"పోనీ. నాను తప్పకుండా సూడాల్సింది ఒకటే.
పలాసల ఆస్పత్రి మంచం.
సోమారం, బుదారం, సెనారం.
తప్పినానా, నానే తప్పీసినట్టు."

చొక్కా చెయ్యి మడిచి ముంజేయి చాపాడు.
"ఇక్కడ సెయ్యెట్టు, సూడు."
రంగు వేళ్ళతోనే పెట్టాను.
చర్మం కింద
బుడగలో ఇరుక్కున్న తుమ్మెదలా
ఒకటే రొద.
వరదల్లో గొట్టా దగ్గర ఏరు
ఇలాగే ఉంటుంది వొడ్డున కాలు పెడితే.
"రగతం. మెసీన్ కోసం రెండు నరాలు కలిపీసినారు.
రాత్రి తలకింద సెయ్యెట్టుకుంటే
నిద్దరోనియ్యదు."

కాగితం మీద సంతకం కోసం వచ్చాడంట.
సంతకం చేసేవాడు క్యాంపు కెళ్ళాడంట.
మూడింటికి సోంపేట బస్సెక్కుతూ
కిటికీ సీటడిగాడు.
దారి సూసుకుంటూ ఎల్తానన్నాడు,
వారం వారం చూసే దారి కాకపోయినా
కొబ్బరి చెట్లు మొదలయ్యేది ఎక్కడో తెలిసినవాడు.

అడుగున మూడడుగుల జాగా మిగిలింది.
"అందంగా ఏదైనా బొమ్మెయ్" అన్నాడు ఆఫీసరు ఫోన్లో.
కొబ్బరి చెట్టు వేశాను.
మాను మీద, ముంజేయంత మేర,
మిగిలిన బాణాల ఎరుపుతో
వంకరగా ఒక నరం.

ఆఫీసరొచ్చి చూశాడు.
చెట్టు బాగుందన్నాడు.

బిల్లింకా పాసవలేదు.