దారిమార్పు

రాత్రి పదకొండున్నరకి, చిలకలగూడలో,
మాడిన కుక్కర్‌ని నానబెట్టి వచ్చి
ఒక చౌరస్తా పేరు మార్చాను.

గుల్నార్ టాకీసు చౌరస్తా అని ఉండేది పేజీ.
మున్సిపాలిటీ వాళ్ళు నీలం బోర్డు పాతారు:
శాంతివనం కూడలి.
ఫొటో తీశాను, తేదీ వేశాను, మూలం ఇచ్చాను.
తప్పు పట్టడానికి ఏమీ లేదు.
తరలించు అన్న మాట కింద చిన్న గడి,
గడిలో ఒక టిక్కు:
పాత పేరు దగ్గర దారిమార్పు ఉంచాలా?
ఎందుకనుకున్నాను.
ఊడ్చిన గదిలో చీపురు కూడా కనబడకూడదనే రకం నేను.
టిక్కు తీసేసి పడుకున్నాను.

పొద్దున టీ మరిగేలోగా చూస్తే
ఇక్కడికి లింకున్న పేజీలు: నలభై మూడు.
నలభై మూడూ ఎర్రగా.
సిటీ బస్సు రూట్ల పేజీ,
మూతబడిన ఇరానీ హోటలు పేజీ,
గేటు దగ్గర టికెట్లు చింపుతూ
సాయంత్రాలు బంతాట నేర్చిన
గోల్‌కీపర్ లాజరస్ పేజీ.
వాళ్ళెవరూ ఏ తప్పూ చేయలేదు.
ఎవరి చెయ్యో పట్టుకుని నడుస్తున్నారు,
ఉన్నట్టుండి ఆ చెయ్యి లేదు.

ఆఫీసు బస్సులో కండక్టర్ మొగులమ్మ
కడ్డీ మీద రూపాయి బిళ్ళతో కొడుతూ అరిచింది:
"గుల్నార్, గుల్నార్, దిగేటోళ్ళు ముందుకు రాండ్రి!"
టాకీసు కూలి పంతొమ్మిదేళ్ళు.
తర్వాత ఫంక్షన్ హాలు, ఇప్పుడు పరుపుల షోరూము.
అయినా ఆరుగురు లేచారు.
ఫోన్లోంచి తలెత్తిన కుర్రాడొకడు
"శాంతివనం కూడలి ఎప్పుడొస్తదక్కా?" అన్నాడు.
"గదే గుల్నార్. దిగు."

మూడు మాటల్లో
రెండు పేర్లనూ నిలబెట్టి
విజిల్ ఊదింది.
నేనూ దిగాను, నా స్టాపు కాకపోయినా.

మూల మీద దర్జీ ఖదీర్ సాబ్,
మెడలో టేపు, పెదాల మధ్య సూది.
"టాకీసు కంటె ముందు గిది ఏన్గుల బావి.
ఏన్గులు నీళ్ళు తాగేటియంట,
మా అబ్బా చెప్పేటోడు, నేను చూడలే.
ఇప్పటికీ ఒకలిద్దరు ముసలోళ్ళు గా పేరే అడుగుతరు."
"అప్పుడేం చెప్తారు? గుల్నార్ ఎక్కడో కనుక్కోమంటారా?"
సూది చేతిలోకి తీసుకుని నన్ను చూశాడు.
"ఇంకో పేరుకాడికి ఎందుకు తోల్తనమ్మా,
సీదా ఈడికే తీస్కొస్త."

యంత్రానికి ఒక్క మలుపే చేతనవును.
ఎవరో ఏనాడో ఏన్గుల బావి నుంచి
గుల్నార్‌కి దారి పెట్టి వెళ్ళారు.
నేను గుల్నార్‌ని కూడలికి తిప్పితే
బావి పేరుతో వచ్చిన మనిషి రెండో మలుపులో ఆగుతాడు,
ముందు దారి పలక ఉంటుంది, చోటు ఉండదు.
అలా నిలబడ్డాను నేనూ ఒకసారి పాస్‌బుక్కు కోసం.
పదో తరగతి మెమోలో ఒక పేరు,
ఓటరు కార్డులో ఇంకొకటి.
మూడో కిటికీ రెండో కిటికీకి పంపింది,
రెండో కిటికీ
"పాత పేరామెను తీసుకురండి" అంది.

రాత్రికి మళ్ళీ కూర్చున్నాను.
గుల్నార్‌ని కూడలి వైపు తిప్పాను.
ఏన్గుల బావినీ, ఏనుగుల బాయినీ,
రెండు రాతల్నీ, నేరుగా.
నలభై మూడూ ఒక్కొక్కటే నీలం తిరిగాయి.
లాజరస్ పేజీ తెరిచి, దిద్దబోయి, ఆగాను.
ఆయన టికెట్లు చింపింది కూడలిలో కాదు,
గుల్నార్‌లో.
ఆ వాక్యంలో ఒక్క అక్షరం ముట్టుకోలేదు.

మార్పుకి కారణం అడిగే గడిలో
"అడిగేవాళ్ళున్నారు" అని రాశాను.

కుక్కర్ ఇంకా నానుతూనే ఉంది.

ఈ నెల ఏన్గుల బావి పేరుతో వచ్చినవాళ్ళు
ముగ్గురని లెక్క చూపిస్తోంది.
ఒకరు నేనే.
మిగతా ఇద్దరూ
నీళ్ళ కోసమైతే వచ్చుండరు.