లోడ్ చార్ట్

సోహార్ క్యాంపు క్లినిక్‌ల
సిస్టర్ ఏలియమ్మ కాగితం మీద ఒక ఖాళీ గడి చూపెట్టింది.
"టార్గెట్ వెయిట్. ఇది నువ్వే రాయాలె భాయ్."
పై గడిల తొంభై ఆరు, ఎర్ర సిరాతోని,
ఆమె చేతిరాత.

గోడ మీది పట్టికల నా ఎత్తుకు ఎదురుంగ
అరవై ఎనిమిది.
నన్ను చూడకుంట ఎవరో గీసిన గీత.

పట్టికలంటే నాకు పగ లేదు.
పదకొండేండ్ల సంది టవర్ క్రేన్ నడుపుతున్న,
క్యాబిన్ అద్దం పక్కన లోడ్ చార్ట్ అంటించి ఉంటది.
కొక్కెం దగ్గరుంటే పన్నెండు టన్నులు లేపే బండి
అరవై మీటర్ల అవతల రెండు టన్నులకే ఆగిపోతది.
ఉక్కు అదే, మోటారు అదే.
దూరమొక్కటే తేడా.

"రేపు చెప్త" అని కాగితం మడిచి జేబుల పెట్టిన.

యాభై ఏడు రాద్దామనుకున్న మొదలు.
పాత పాస్‌పోర్టుల పిల్లగాడు యాభై ఏడు.
జమున ఇంకా ఆ ఫోటోనే ఫోన్‌ల దాచుకున్నది.
కాని అది వొళ్ళు కాదు,
ఏజెంటుకు కట్టిన పైసలకు నూటికి మూడు మిత్తి.
సగం ఖుబ్బూస్ పొద్దుగాల, సగం రాత్రికి
దిండు కింద దాచిన యేడు.
ఆకలిని అందమనుకొని మళ్ళ దాని దిక్కు నడవలేను.

ఈ బరువు ఎట్లచ్చిందో నాకెరుకే.
అప్పు తీరిన నెల మొదలైంది.
పన్నెండు గంటలు కూసునుడు,
కాళ్ళ కింద ఎనభై మీటర్ల గాలి, ఒళ్ళె బిస్కెట్ పొట్లం.
దిగితే మెస్సుల అన్నం, పప్పు, ఇంకింత అన్నం.
శుక్రారం ఆరుగురం ఒక్క పళ్ళెం మందీ ముందట;
ఐదుగురు చేతులు కడుక్కున్నంక కూడ నేను.
బిడ్డ పుట్టిందని ఫోనచ్చిన రాత్రి
కిలో హల్వా తెచ్చి ఒక్కణ్ణే తిన్న.
పంచుదామంటే గదిల ఎవరు మేలుకొని లేరు.

ఊర్ల మాత్రం ఇది బరువు కాదు, పేరు.
"మస్కటు మంచిగ పడ్డది" అని నా చెంపలు చూసే
చిట్టీల రాజవ్వ నన్ను ఇంకో చిట్టీల రాసుకున్నది.
తగ్గుతనంటే జమున గొంతు సన్నగైంది:
"జీతం ఆగిందా? నిజం చెప్పు."
ఎట్ల చెప్పుడు,
ఆగింది జీతం కాదు,
నిచ్చెన మీద మూడో మజిలీ కాడ నేనని.
కింది నుంచి రేడియోల దిల్ బహదూర్ అడుగుతడు,
"ఉస్తాద్, ఓకే?"
ఓకే అంట. గుండె కాదంటది.

రాత్రి పై మంచం మీద పండుకొని లెక్కేసిన.
అరవై తొమ్మిది?
అది మెడికల్‌ల ఫెయిలైతనని నిద్రలేని నెల.
డెబ్బై నాలుగు?
కామెర్లచ్చి లేచిన యేడు.
ఎనభై రెండు?
ఎనభై రెండు కాడ ఏం జరిగిందో యాదికే లేదు.
ఎన్నడు దాటిన్నో, అసలు తూచుకున్ననో లేదో.
నిచ్చెన మెట్లు లెక్కపెట్టలేదు కావచ్చు.
తినేటప్పుడు ఎవరన్న చూస్తున్నరా అని
తలెత్తలేదు కావచ్చు.
ఆ యేడే హోలీకి, మూతల డ్రమ్ము మీద పక్క గదోళ్ళు దరువేస్తే
తెల్లారేదాక ఎగిరిన్నట. దిల్ బహదూర్ చెప్తడు,
నేను నమ్మ.

పొద్దుగాల గడిల 82 అని రాసిన, పెన్సిల్‌తోని.
సిస్టర్ గోడ దిక్కు చూసింది, నా దిక్కు చూసింది.
"ఇంకా పద్నాలుగు ఎక్కువే కద?"
"దూరం ఎక్కువున్నది సిస్టర్" అన్న.
ఆమెది కొట్టాయం.
సప్పుడు చెయ్యక ముద్రేసింది.

మూడో మజిలీ కాడ ఇయ్యాల గుడ ఆగిన,
సముద్రం దిక్కు చూసుకుంట.
జేబుల బిస్కెట్ పొట్లం ఉన్నది,
ఇంకా విప్పలే.