తీపు

మంగళవారం, శుక్రవారం నా ఆటోకి మీటరుండదు.
వెనక సీట్లో ఫ్లోరా సిస్టరు, ఒళ్ళో నీలం పెట్టె.
పెట్టె తాళంచెవి ఆమె మెడలో, సిలువ పక్కనే.
పుళియాంతోప్పు మూడో సందులోకి ఆటో దూరదు,
పాల డిపో దగ్గర ఆపి నడుస్తాం.

పెంచలయ్య ముప్పై నాలుగేళ్ళు కార్పొరేషన్ చీపురు పట్టినోడు.
మేస్త్రీతో అరవంలోనే పోట్లాడాడు,
అరవంలోనే టీ చెప్పాడు.
జబ్బు ముదిరాక ఆ భాష
వదులైన ఉంగరంలా జారిపోయింది.
ఇప్పుడు నోరు విప్పితే
ఉదయగిరి పక్క వాళ్ళమ్మ మాట్లాడిన తెలుగే.
సిస్టరుకి తెలుగు రాదు.
అందుకని నేను చెప్పులు విడిచి లోపలికొచ్చాను.

"పదికి ఎంత నొప్పి, అడుగు."
అడుగుతాను. ఆయన అంకె చెప్పడు.
"తెల్లారుజామున పోటు. కాఫీ తాగినాక సలుపు.
ఎడమకి తిరిగితే జివ్వున లాగుద్ది.
కాలవ పక్క కిటికీ మూస్తే కాస్త నయం."
నేను 'వలి' అంటాను. మళ్ళీ 'వలి' అంటాను.
ప్యాసింజర్లు నాకు నేర్పిన అరవం
ఎడమ, కుడి, చిల్లర లేదు.

సిస్టరు ఏడు వేసి, కొట్టేసి,
కలం పక్కన పెట్టింది.
ఆ రోజునించి
పోటుకి ఒక వేలు,
సలుపుకి గుప్పిట మూసి తెరవడం,
మంటకి ఊదడం.
"డ్రామా కంపెనీ పెట్టుకోండి ముగ్గురూ" అంది కోటమ్మ,
సిస్టరు సంచిలో మునక్కాయలు కుక్కుతూ.
డబ్బు తీసుకోరని తెలిశాక ఆవిడకదొక్కటే దారి.

కట్టు విప్పిన మొదటిసారి
కోటమ్మ కొంగు ముక్కుదాకా పోయి, సిగ్గుపడి దిగింది.
సిస్టరు మాత్రలు పొడికొట్టి పుండు మీద చల్లింది.
నాలుగు రోజులకి వాసన తగ్గింది.
ఎదురింటి చీట్ల నాగరత్నం
గడప దాటొచ్చి కూచుంది, ఎన్నాళ్ళకో.
ఆయనన్నాడు:
"ఊరి కంపంతా నేనెత్తా.
నా కంపెత్తను మనిషి రావాల్సొచ్చె."
ఇది మాత్రం నేను అరవంలో చెప్పలేదు.
సిస్టరు అడగనూ లేదు.

ఒక శుక్రవారం "కాళ్ళు ఒకటే తీపు" అన్నాడు.
సిస్టరు చటుక్కున తలెత్తింది:
"తీపా? ఇనిప్పా?"
ఆమెకొచ్చిన ఒకే ఒక్క తెలుగు మాట,
ఏదో పెళ్ళి విందులో ఏరుకున్నది.
"అది కాదక్కా, ఇది కాళ్ళలో ఉండేది."
కోటమ్మ నవ్వింది. ఆయనా నవ్వాడు,
నవ్వుకి దగ్గొచ్చి, దగ్గుకి పోటొచ్చి,
ఒక వేలు ఎత్తాడు.
మాత్ర వేసి, అది పనిచేసేదాకా
చెయ్యి వదలకుండా కూచుంది సిస్టరు.
బయట పాల డిపో వాడు నా ఆటో తియ్యమని అరుస్తున్నాడు.

ఆఖరి మంగళవారం పెదవి కదిలింది.
"ఏమన్నాడు?"
"తీపు."
"ఏ తీపు?"
కోటమ్మ ఆయన కాళ్ళు ఒత్తుతోంది.
నాగరత్నం తెచ్చిన కేసరి
నాలిక మీద గోరంత.
నా చేతులకి సైగ దొరకలేదు.

మిగిలిన పదకొండు మాత్రలూ లెక్కపెట్టి వెనక్కి తీసుకుంది,
కాయితం మీద కోటమ్మ వేలిముద్ర.
గాలిపరుపు మడిచి ఆటోలో పెట్టాను.
లోపల ఇంకా కాస్త గాలి,
మలుపు తిరిగినప్పుడల్లా నిట్టూర్చింది.
ఓట్టేరిలో ఇంకో ఇల్లు.
"వాళ్ళది ఏం భాష?" అన్నాను.
"ఉర్దూ" అంది,
అద్దంలో నాకు కనపడేలా
గుప్పిట మూసి తెరుస్తూ.